చక్కెర చెప్పే పాశ్చాత్య నాగరికత: బోధన్ ప్రాంత పరిశీలన

పాశ్చాత్య నాగరికత పాఠం మామూలుగా గ్రీసులో మొదలై, రోము, పునరుజ్జీవనం దాటి పారిశ్రామిక విప్లవం దగ్గర ఆగుతుంది. నిజామాబాద్, బోధన్ విద్యార్థులకు అది ఎక్కడో జరిగిన కథ. పైగా నిజాం కాలంలో ఆ కథ ఉర్దూలో వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అనువాద విభాగం ఐరోపా చరిత్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి విషయమూ కొత్తే, భాషా కొత్తే. అదే పాఠాన్ని చెరుకు వెంట నడిపిస్తే నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్న ఊరి పొలిమేరలోనే ఎదురవుతుంది.

పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ 1950లో తొలి నగరాలను గుర్తించడానికి పది లక్షణాలు చెప్పాడు. పెద్ద జనావాసం, సేద్యం చేయని వృత్తులవారు, పన్నుగా పోగయ్యే మిగులు పంట, భారీ కట్టడాలు, రాత, దూరదేశ వర్తకం వాటిలో ముఖ్యమైనవి. గోదావరి తీరపు అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన నేటి బోధనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఏథెన్స్‌లో సోలోన్ చట్టాలు చేసిన క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దానికి అటూ ఇటూగా ఇక్కడా ఒక రాజ్యం ఉందన్నమాట. నాగరికత పడమటినుంచే వచ్చిందనే భావన ఇక్కడే సడలుతుంది.

చెరుకు కథ దాన్ని మరింత సడలిస్తుంది. తేనెటీగలు లేకుండానే తేనెనిచ్చే రెల్లు భారతదేశంలో ఉందని అలెగ్జాండరు నౌకాధిపతి నియర్కస్ రాసినట్టు స్ట్రాబో పేర్కొన్నాడు. పాకాన్ని పలుకుగా మార్చే విద్య ఇక్కడినుంచి పర్షియాకు, అరబ్బుల ద్వారా మధ్యధరా తీరానికి చేరింది. 1493లో కొలంబస్ రెండో యాత్రలో చెరుకు కరీబియన్ దీవులకు వెళ్లింది. అక్కడి తోటల్లో ఆఫ్రికా బానిసల చాకిరీతో ఐరోపా తీపి తిన్నది. బ్రిటన్ బానిసత్వ రద్దు చట్టం 1833లో వచ్చింది. మరుసటి ఏడాదే మారిషస్ చెరుకు తోటలకు భారతీయ ఒప్పంద కూలీల తరలింపు మొదలైంది. తరువాత వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. పాఠ్యపుస్తకాలు షేక్స్పియర్‌కూ న్యూటన్‌కూ ఇచ్చినంత చోటు ఈ తోటలకు ఇవ్వవు. ఇది చిన్న లోపం కాదు.

అయితే పడమటి దేశాలు ఇచ్చింది దోపిడీ ఒక్కటే అనడమూ సరికాదు. తక్కువ పీడనంలో పాకం తక్కువ వేడికే మరుగుతుంది, మాడదు. ఈ సూత్రంతో ఎడ్వర్డ్ హోవార్డ్ 1813లో వాక్యూమ్ పాన్ రూపొందించాడు. ఒక పాత్రలోని రసంనుంచి లేచిన ఆవిరితోనే తరువాతి పాత్రలోని రసాన్ని మరిగించి ఇంధనం ఆదా చేసే పద్ధతికి నార్బర్ట్ రిలియో 1843లో పేటెంటు పొందాడు. ఆయన ఆఫ్రికా మూలాలున్న తల్లికి న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, ప్యారిస్‌లో చదివినవాడు. బానిసత్వం నడిచిన నేలమీదే ఆ విజ్ఞానమూ పుట్టింది. ఈ రెంటినీ విడదీసి చెప్పే పాఠం సగం పాఠమే.

ఆ యంత్రవిద్య ఏడో నిజాం హయాంలో బోధన్ చేరింది. మంజీరాపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్ ప్రతిభకు అది గుర్తు. కాలువ నీటితో చెరుకు పెరిగింది. 1937లో ఏర్పడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా అది పేరు పొందింది. మిగులు పంట, నిపుణ కార్మికులు, భారీ కట్టడం, దూరపు వర్తకం: చైల్డ్ లక్షణాలు చాలావరకు ఈ ఒక్కచోటే కనిపిస్తాయి. కానీ అవి సమాజం ఎంత ఎదిగిందో చెబుతాయే తప్ప, అందులో కూలికీ రైతుకూ దక్కిందేమిటో చెప్పవు. నాగరికతకు నిర్వచనం అడిగే విద్యార్థి ఈ రెండో లెక్కా అడగాలి.

2002లో ఫ్యాక్టరీలో ప్రైవేటు యాజమాన్యం ప్రవేశించింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో గానుగ ఆగిపోయింది.