ఇమామ్ గజాలీ జుబాన్ ఆగిపోయిన ఆరు నెలలు

మొన్న రాత్రి పదకొండు దాటాక మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఫజర్‌కి లేచే పిల్లాడు. పరీక్షల గురించి, హాస్టల్ భోజనం గురించి కాసేపు మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించాడు. "మామూ, నమాజ్‌లో దిల్ నై లగ్‌రా. సజ్దాలో ఉంటా, లోపలంతా ఖాళీగా ఉంటది. నేను మునాఫిక్ అయిపోయానా? అమ్మీకి మాత్రం చెప్పొద్దు."

ఆ ఆఖరి మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. జ్వరమొస్తే ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటాం. దిల్‌కి వచ్చిన జబ్బును మాత్రం దాచుకుంటాం. చెబితే ఒకరు "తౌబా తౌబా" అంటారు, ఇంకొకరు "నజర్ లగ్ గయీ" అని మిరపకాయలు తిప్పుతారు. అందుకే వాడికి ఆ రాత్రి నసీహత్ ఏమీ చెప్పలేదు. ఒక మనిషి కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఇమామ్ అబూ హామిద్ గజాలీ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర చదివారు. సల్జూఖ్ సుల్తానుల వజీర్ నిజాముల్ ముల్క్ ఆయన ఇల్మ్‌ని మెచ్చి, 1091లో బాగ్దాద్ నిజామియా మద్రసాకి ఉస్తాద్‌గా పంపాడు. మన హైదరాబాద్ జామియా నిజామియాతో దీనికి సంబంధం లేదు, పేరొక్కటే. ఆ కాలంలో అంతకన్నా పెద్ద కుర్సీ ఒక ఆలిమ్‌కి ఇంకొకటి లేదు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు. దర్స్‌లో మూడు వందల మంది షాగిర్దులు. ఖలీఫా దర్బార్‌లోనూ ఇజ్జత్.

అలాంటి మనిషి 1095 రజబ్ నెలలో మాట్లాడలేకపోయారు. షాగిర్దుల మనసు నొప్పించడం ఇష్టంలేక ఒక రోజైనా దర్స్ చెబుదామని కూర్చుంటే జుబాన్ మీదికి ఒక్క మాట రాలేదు. తర్వాత అన్నం సయించలేదు, గుక్కెడు నీళ్లు కూడా దిగలేదు. హకీములు చూసి, ఇది దిల్ నుంచి ఒంట్లోకి దిగిన రోగం, ఆ ఫికర్ పోతే తప్ప దవా పనిచేయదని చేతులెత్తేశారు. ఇవన్నీ ఆయనే తర్వాత 'అల్ ముంఖిజ్ మినజ్ జలాల్' అనే చిన్న కితాబులో రాసుకున్నారు.

మన వాళ్లు చాలామంది ఈ వాకియాని "గజాలీకి షక్ వచ్చింది, తర్వాత పోయింది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది సరికాదు. ఆయనకి వచ్చినవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది షక్కే. అది ముందే వచ్చింది, దాదాపు రెండు నెలలు ఉంది. కళ్లని నమ్మొచ్చా అని అడుక్కున్నారు. నీడ కదలనట్టే కనిపిస్తుంది, గంట తర్వాత చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం దీనార్ అంత కనిపిస్తుంది, లెక్క వేస్తే భూమికన్నా పెద్దది. కళ్లు మోసం చేస్తే అఖల్ చేయదని ఏమిటి గ్యారంటీ? ఆ రెండు నెలలూ పైకి ఎవరితోనూ అనలేదు, లోపల నలిగిపోయారు. చివరికి దలీల్ వల్ల కాదు, అల్లాహ్ సీనాలో వేసిన నూర్ వల్ల బాగయ్యానని రాశారు.

1095లో వచ్చింది అది కాదు. అప్పటికి అల్లాహ్ మీద, రిసాలత్ మీద, ఆఖిరత్ మీద ఆయన యకీన్ గట్టిగానే ఉంది. పోయింది నియ్యత్. నేను ఈ దర్స్ ఎవరి కోసం చెబుతున్నాను అని తనని తాను అడిగారు. వచ్చిన జవాబు: శోహ్రత్ కోసం, జాహ్ కోసం. పొద్దున అన్నీ వదిలేద్దామని అజ్మ్ చేసుకునేవారు, సాయంత్రానికి నఫ్స్ వచ్చి ఇంత మంచి హోదా మళ్లీ దొరుకుతుందా అనేది. ఆరు నెలలు ఈ ఖీంచాతానీలోనే గడిచాయి. తను వదలలేకపోతే, జుబానే వదిలేసింది.

బాగ్దాద్ వదిలి వెళ్తే జనం రకరకాలుగా అనుకున్నారు. మూడేళ్ల కిందట, 1092లో, ఆయన్ని తెచ్చిన నిజాముల్ ముల్క్ కత్తిపోటుకి బలయ్యాడు. కొద్ది వారాల్లోనే సుల్తాన్ మలిక్ షా కూడా పోయాడు. తఖ్త్ కోసం కొట్లాటలు మొదలయ్యాయి. అందుకే కొందరు హాకిములకి భయపడి పోయాడన్నారు. ఇంకొందరు ముసల్మానులకి నజర్ తగిలిందన్నారు. మన గల్లీల్లో అనే మాటే, తొమ్మిది వందల ఏళ్ల కిందట బాగ్దాద్‌లోనూ అన్నారు! సియాసత్ భయం అస్సలు లేదని నేననను. కానీ భయమొక్కటే అయితే ఇంకో దర్బార్ వెతుక్కునేవారు.

వెళ్లేటప్పుడు హజ్‌కి పోతున్నానని చెప్పి డమాస్కస్ దారి పట్టారు. మాల్ పంచేశారు, కానీ పిల్లల గుజారాకి సరిపడా ఉంచారు. తవక్కుల్ పేరుతో ఇంటిని రోడ్డున పడేయలేదు. డమాస్కస్ జామే మస్జిద్ మీనార్ ఎక్కి, తలుపు వేసుకుని ఖల్వత్‌లో కూర్చునేవారు. తర్వాత బైతుల్ ముఖద్దస్. తర్వాత అల్ ఖలీల్‌లో హజ్రత్ ఇబ్రాహీం మజార్ దగ్గర ఒట్టు పెట్టుకున్నారు: సుల్తానుల దగ్గరికి పోను, వాళ్ల పైసలు తీసుకోను, నలుగురిలో మునాజరాలు చేయను. ఆ తర్వాత హజ్.

మరి దిల్ వెంటనే కుదుటపడిందా? లేదు. పిల్లలు పిలిచారు, వతన్‌కి తిరిగొచ్చారు. ఇంటి పనులు, రోజీ ఫికర్, జమానా గొడవలు ఖల్వత్‌ని చెదరగొడుతూనే ఉన్నాయి. సాఫీ హాల్ ఎప్పుడో ఒకప్పుడే దొరికేది. అయినా ఆశ వదలలేదు, మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునేవారు. దాదాపు పదేళ్లు ఇలాగే గడిచాయి. నలభై కితాబుల 'ఇహ్యా ఉలూముద్దీన్' రాసింది ఈ చెదిరిన రోజుల్లోనే.

1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ పిలిస్తే నైషాపూర్ నిజామియాలో మళ్లీ దర్స్ చెప్పారు. ఒట్టు ఏమైందని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఆయన జవాబు సారాంశం ఇది: అప్పుడు హోదా తెచ్చే ఇల్మ్ చెప్పాను, ఇప్పుడు హోదా వదిలించే ఇల్మ్ చెబుతున్నాను, మంజిల్ చేరతానో లేదో నాకు తెలియదు. 1111లో తూస్‌లోనే వఫాత్ అయ్యారు.

మన శహర్‌కి ఈ కథతో ఒక రిష్తా ఉంది. అల్లామా షిబ్లీ నోమానీ 1901 నుంచి 1905 దాకా హైదరాబాద్ రియాసత్ కొలువులో ఉన్నప్పుడే ఉర్దూలో 'అల్ గజాలీ' రాశారు. నేను ఆ కితాబ్ చేతిలోకి తీసుకునేసరికి పేపర్లో పనిచేస్తున్నాను. పొద్దున లేవగానే నా వార్త ఎవరికైనా పనికొచ్చిందా అని కాకుండా, నా పేరు పడిందా అని చూసుకునే రోజులు. నమాజ్‌లో రుచి పోయిందని నేనూ ఎవరికీ చెప్పుకోలేదు. గజాలీని చదివాకే నా జబ్బు ఏదో నాకు తెలిసింది.

అందుకే ఆ రాత్రి మా భాంజాతో ఇంతే అన్నాను. "బేటా, ముందు నీది ఏ జబ్బో చూసుకో. షక్ అయితే తెలిసినవాళ్లని అడుగు, సిగ్గుపడకు. నియ్యత్ అయితే ఎవరి కోసం చేస్తున్నావో నిన్ను నువ్వు అడుగు. రెండూ కాక ఉత్త అలసట అయితే నిద్రపో. నిద్రపట్టక, తిండి సయించక రోజులు గడిస్తే డాక్టర్‌ని కలువు, గజాలీ కూడా హకీముల్ని వద్దనలేదు. మునాఫిక్‌వి అయితే ఈ భయం నీకెందుకుంటది? సజ్దా మాత్రం వదలకు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మీకి నేనే చెప్తా మామూ" అన్నాడు.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి మాట అంటే తౌబా అనకండి, మిరపకాయలు తీయకండి. పక్కన కూర్చోబెట్టుకుని వినండి. యా అల్లాహ్, మా నియ్యత్‌లని సాఫ్ చెయ్యి, దిల్ లగని రోజుల్లో కూడా నీ దర్వాజా దగ్గరే ఉంచు. ఆమీన్.