ప్యాటర్సన్ సద్ది

న్యూజెర్సీలో మోకాటి లోతు మంచు పడిన రోజున కూడా జనం అంగడి ముందు వరుసలో నిలబడి చల్లటి రొట్టె కొనుక్కుపోతుంటే మొదట్లో నాకు వింతగా ఉండేది. మూరెడు రొట్టెను నిలువునా చీల్చి, ఉప్పులో ఊరిన మాంసం పలుచటి పొరలుగా పరిచి, చీజు, సన్నగా తరిగిన లెట్యూస్, టమోటా, ఉల్లిపాయ వేసి, నూనె, వినిగర్ చల్లి, కాగితంలో బిగించి ఇస్తారు. సబ్ అంటారు. ఎవరూ దాన్ని వెచ్చబెట్టమని అడగరు. ఇడ్లీ చల్లారితే ప్లేటు వెనక్కి పంపే ఊరి నుంచి వచ్చినవాణ్ణి, ఇంత చలిలో ఇదేం తిండి అనుకునేవాణ్ణి.

దానికి జవాబు న్యూజెర్సీలోనే ఉన్న ప్యాటర్సన్ అనే ఊరికి పోయాక తెలిసింది. పసాయిక్ నది అక్కడ 77 అడుగుల కిందికి దూకుతుంది. మన కైగల్ దుముకురాళ్ల జలపాతం దగ్గర నిలబడినవాళ్లకు ఆ హోరు చెప్పనక్కర్లేదు. కైగల్ నీళ్లు అడవికీ ఏనుగులకూ పోతాయి. పసాయిక్ నీళ్ల బలంతో మిల్లులు నడపాలని 1791లో అప్పటి అమెరికా ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఒక సంఘమే పెట్టించాడు. నూలు, రైలింజన్లు, తర్వాత పట్టు. చివరికి ఊరికి సిల్క్ సిటీ అన్న పేరు నిలిచింది. పట్టుపురుగులు చంద్రికలెక్కే రోజుల్లో ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదని పలమనేరు చుట్టుపక్కల పల్లెలకు తెలుసు. అందుకే ఆ పేరు వినగానే ఊరు నాకు దగ్గరైపోయింది.

ప్యాటర్సన్ పట్టు మగ్గాల మీద ఇటలీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేశారు. 1913లో మిల్లు యజమానులు ఒక్కొక్కరూ రెండు మగ్గాలకు బదులు నాలుగు చూడాలన్నారు. 20 వేల మందికి పైగా పని ఆపేసి, రోజుకు ఎనిమిది గంటలే చేస్తామన్నారు. ప్యాటర్సన్‌లో సభలు జరగనివ్వకపోతే పక్కనే హాలెడన్‌లో బొట్టో దంపతుల ఇంటి మేడ మీద నుంచి సమ్మె నాయకులు మాట్లాడారు. కార్మికులు నెలల తరబడి పస్తులుండి, ఓడిపోయారు. ఆ ఇల్లు ఇప్పుడు కార్మికుల మ్యూజియం. న్యూయార్క్ ఆకాశహర్మ్యాలకంటే నాకు ఆ ఇంటి మీదే గౌరవం.

ఆ కూలీల ఊళ్లోనే, మిల్ స్ట్రీట్‌లో, 1910 ప్రాంతంలో డొమినిక్ కాంటీ అనే ఇటలీ ఆయన పచారీ కొట్టు పెట్టి ఈ రొట్టెలు అమ్మాడు. మగ్గం పక్కన పొయ్యి వెలిగించుకునే వీలెక్కడిది? సంగటి ముద్ద, ఊరిబిండి మూట కట్టుకుని చేనికి పోయిన మన పెద్దల సద్ది ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే.

ఇక సబ్ అన్న పేరు సంగతి. అంతకు ముందే అక్కడ జాన్ హాలండ్ అనే ఐరిష్ బడిపంతులు ఉండేవాడు. ఐర్లండ్ ఆలుగడ్డ కరువు నాటికి చిన్నపిల్లవాడు. బ్రిటిష్ ఓడలను నీటి అడుగు నుంచి దెబ్బతీసే పడవ కట్టాలని పూనుకుంటే, ఐర్లండ్ విముక్తి కోరిన ఫెనియన్లు డబ్బిచ్చారు. తొలి పడవను 1878లో పసాయిక్‌లో దించాడు. దాదాపు ఆ రోజుల్లోనే మన సీమలో ధాత కరువు. ఐర్లండ్‌లోనూ సీమలోనూ బ్రిటిష్‌వాళ్ల ఏలుబడే, రెండు చోట్లా జనం చస్తుంటే ధాన్యం రేవులకు తరలిపోయింది. ఒక కరువు నుంచి బతికి బయటపడిన పిల్లవాడు జలాంతర్గామి కట్టాడు. ధాత కరువులో పోయిన మన పిల్లలు బతికుంటే ఏమేం కట్టేవాళ్లో! 1901లో బ్రిటిష్ నౌకాదళం కూడా తన తొలి జలాంతర్గామిని హాలండ్ నమూనాలోనే కట్టుకుందని చదివిన రోజు నా మనసు చివుక్కుమంది.

1920ల చివర్లో హాలండ్ పాత పడవను ఊళ్లో ప్రదర్శనకు పెడితే, కాంటీ చూసి అచ్చం తన రొట్టెలా ఉందన్నాడట. రొట్టెకు సబ్‌మెరీన్, అంటే జలాంతర్గామి, పొట్టిగా సబ్ అన్న పేరు అలా వచ్చిందని ఆయన మనవరాలు చెప్పింది. కనెటికట్‌వాళ్లు ఆ పేరు తమ నౌకాస్థావరం దగ్గర పుట్టిందంటారు, ఫిలడెల్ఫియావాళ్లు ఇలాంటిదే అయిన హోగీ తమదంటారు. నేను ప్యాటర్సన్ పక్షం.

ఇంట్లో చేసేటప్పుడు కాంటీ పద్ధతే పాటిస్తాను. అడుగున చీజు, పైన చీజు. అప్పుడు నూనె, వినిగర్ దిగి రొట్టె నానిపోదు. రొట్టెను ఒక పక్క అంటుకునే ఉండేట్టు కోసి, లోపలి మెత్తన కొంచెం గిల్లి తీయాలి. ప్రొవలోన్ చీజు, ఉప్పులో ఊరిన పంది మాంసాలు సలామీ, కాపికోలా. పంది మాంసం ముట్టనివాళ్లకు టర్కీ కోడి. ఎండు ఒరెగానో, ఉప్పు, మిరియాల పొడి చల్లి, కాగితంలో బిగించి పావుగంట ఉంచితే రుచులన్నీ కలుస్తాయి. టమోటాకు మాత్రం ఆగస్టు దాకా ఆగాలి, జెర్సీ టమోటాలు అప్పుడే బాగుంటాయి. చలికాలంలో దొరికేవాటిలో పులుపూ లేదు, వాసనా లేదు. ధర రాక మన రైతు రోడ్డు పక్కన పారబోసిన కాయ వీటికంటే వెయ్యి రెట్లు మేలు. కత్తి పట్టుకున్నప్పుడల్లా పలమనేరు మార్కెట్టు వాసన కోసం ప్రాణం లాగుతుంది.

మీ పిల్లలు మిమ్మల్ని ఇక్కడికి పిలిపించుకుంటే నయాగరా, స్వేచ్ఛా విగ్రహం ఎలాగూ చూపిస్తారు. ఒక పూట ప్యాటర్సన్ కూడా తీసుకుపొమ్మని అడగండి. హాలండ్ పడవలు అక్కడి మ్యూజియంలోనే ఉన్నాయి, జలపాతం అక్కడికి నడిచేంత దూరం.