గుండ్లకమ్మ తీరపు క్రైస్తవ గృహము

ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ సంఘచరిత్రను వ్రాసినవారెవ్వరును 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని తలంపక మానరు. ఆనాడు గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు బోధకులు ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు వేసికొని ఏటిలో నిలిచి ఆ కార్యమును నెఱవేర్చిరి. ఆ సంఖ్య ఆశ్చర్యకరమైనదే, సందేహము లేదు. అయితే ఆ సాయంకాలము తడిచీరతో గుడిసె చేరిన తల్లి మఱునాడు పొయ్యి రాజేసి బిడ్డలకేమి పెట్టెను, ఏమి పెట్టుట మానెను, వారు జ్వరమున మూలుగునప్పుడు ఎవరిని తలంచుకొనెను అను విషయమును ఆ సంఖ్య మనకు చెప్పదు. నాకు మాత్రము ఆ చరిత్రలో ముఖ్యభాగ మదియే యని తోచును.

అమెరికా బాప్తిస్టు మిషను తెనుగుదేశమునకు 1836లో వచ్చి, 1840లో నెల్లూరు చేరి, చిరకాలము స్వల్పఫలముతోనే కాలము గడిపినది. ఆ మిషను బోధకుడు జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలున కాపురము పెట్టిన 1866వ సంవత్సరముననే తాళ్ళకొండపాడు మాదిగపల్లె నివాసియు, తోళ్ళ వర్తకుడును అగు యెఱ్ఱగుంట్ల పేరయ్యయు, అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఒంగోలు సంఘ మేర్పడెను. పేరయ్య అంతకుముందే రాజయోగమార్గమున నడచినవాడు. ఆ మార్గమున అతనికి ఉపదేశించినది వీరమ్మ యను ఒక స్త్రీ. కావున రూపరహితుడైన దేవుని చింతయు, స్త్రీముఖమున వచ్చిన ఉపదేశమును ఆ మాదిగపల్లెలకు దొరలు తెచ్చిన క్రొత్త సంగతులు కావు. ఈ పూర్వరంగమును విడిచి, సమస్తమును సముద్రము దాటియే వచ్చినదని చెప్పువారు ఆ ప్రజల బుద్ధికి అన్యాయము చేసినవారగుదురు.

క్లౌ దొర ఆ విశ్వాసులకు విధించిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి మూడును పురుషుల సభలో చేతులెత్తి ఒప్పుకొనదగిన తేలిక మాటలవలె నుండును. నిజమునకు మూడింటి బరువును వచ్చి పడినది తల్లిమీదనే.

ఊరిలో పశువు చచ్చినయెడల దానిని ఈడ్చుకొనిపోయి, తోలు తీసి, ఊనవేసి, రైతునకు చెప్పులును, కపిలకు తోలుతిత్తియు కుట్టియిచ్చుట మాదిగవారి వంతు. అందుకు ప్రతిఫలముగా కళ్ళమున వారికి కొంత గింజ ముట్టెడిది. ఆ గొడ్డు మాంసమును ఈ ఏర్పాటులోని భాగమే. ఏడాదిలో అనేక దినములు జొన్నకూటికి తోడు వేఱేమియు లేని యింటిలో, బిడ్డల ఆకలి తీర్చు ఆ మాంసమును వలదనుట ధర్మపన్నము కాదు, ప్రతిదినమును ఎదుర్కొనవలసిన చిక్కు. ప్రక్క గుడిసెలో కూర ఉడుకుచుండగా ఆ వాసనకు లేచివచ్చిన పసివానికి, మనము తినము నాయనా, అని చెప్పి, అంబలి పోసి ఊరడించిన తల్లి యొక్క నిగ్రహమును ఏ బోధకుని ప్రసంగముతో తూచగలము? ఊరివారి తిరస్కారమునకు ఒక కారణముగా చూపబడుచుండిన ఆ తిండి ఆ యిండ్లనుండి తొలగినదనిన, తొలగించినది వంట చేయు చేయి.

ఆదివారపు నియమ మంతకంటె కఠినమైనది. రైతు కబురంపిన దినమున పోకున్న ఆనాటి కూలి పోవుటయే కాదు, మఱునాడు పిలుపే రాకపోవచ్చును. పల్లెవారిమీద కోపించిన ఊరు, బావియు బాటయు కట్టడిచేసిన సందర్భములును కలవు. కావున శనివారము సాయంకాలమునకే గింజలు దంచి, పిండి విసరి, పుల్లలు ఏరి, నీళ్ళు తెచ్చి, బిడ్డలకు తలంటి, ఉన్న ఒక్క గుడ్డను ఉతికి ఆరవేసి మఱునాటికి సిద్ధపఱచుట తల్లి పని యయ్యెను. పని మానవలసిన దినమునకై ముందటి దినమున రెండింతలు పని చేయుట ఆమెకే చెల్లినది! అయినను, తరతరములుగా పిలిచిన వెంటనే పరుగెత్తుట తప్ప ఎఱుగని కుటుంబమునకు ఏడు దినములలో ఒకదినము తనదని చెప్పుకొను హక్కు ఆ నియమమువలననే లభించెను. ఆ దినమున బిడ్డలు తల్లిని పగటివెలుగులో తీరికగా చూచిరి.

ఇక విగ్రహారాధన మాట. పోలేరమ్మ కొలుపులలో డప్పు వాయించుట ఆ కులమువారి విధి గనుక దానిని మానుటవలన మగవారికి ఊరితో తగవు వచ్చెను. ఆ తగవులను చరిత్రకారులు వ్రాసినారు. ఇంటిలోపలి తగవును వ్రాసినవారు తక్కువ. బిడ్డ ఒంటిమీద అమ్మవారు పోసినప్పుడు ముఱ్ఱాట పోసి, వేపమండలు కట్టి, మ్రొక్కుకొనుట తల్లికి తన తల్లియు అత్తయు నేర్పిన పరిచర్య. దానిని మానిన పిమ్మట బిడ్డకేమైన నైనచో, ఇది నీ చేతులార చేసికొన్నదే యని అత్తయే అనును, వాడకట్టంతయు అనును. మ్రొక్కు మానిన ఆ రాత్రి ఆమెకు మిగిలినవి రెండు మూడు ప్రార్థనావాక్యములు మాత్రమే. కొందఱు జంకి మరల మ్రొక్కిరి. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. మ్రొక్కక నిలిచినవారు తమ ధైర్యమునకు చెల్లింపవలసిన మూల్యము ఎంతటిదో ఎఱిగియే నిలిచిరి.

1876 మొదలు 1878 వఱకు క్షామము దేశమును పీడించినది. క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది జనులకు పని కల్పించెను; అన్నమునకై మతములో చేరిరన్న మాట రాకుండుటకు క్షామకాలమున ఏడాదికి పైగా బాప్తిస్మములు నిలిపివైచెను. మట్టితట్టలు మోసిన తల్లులు, కాలువగట్టున విశ్రాంతివేళ బోధకులు చెప్పిన కథలను ఇండ్లకు మోసికొనిపోయి, వెల్లంపల్లికి రాకముందే తమ బిడ్డలకు చెప్పియుందురని ఊహించుట అతిశయోక్తి కాదు.

చదువురాని యింటిలో కుటుంబప్రార్థన ఎట్లు జరిగెను? పాటవలన జరిగెను. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో క్రైస్తవుడై, 1890 వఱకు జీవించిన పురుషోత్తమ చౌదరి మొదలగువారి కీర్తనలు, రాగతాళములు నిర్దేశింపబడిన దేశీయ రచనలు గనుక, అక్షరముల సహాయము లేకయే నోటినుండి నోటికి పల్లెపల్లెకు వ్యాపించెను. తిరగలి త్రిప్పునపుడును, చీరయుయ్యాల యూపునపుడును తల్లి పాడినది ఆ కీర్తననే. దీపము పెట్టి, చాప పఱచి, బిడ్డలను కూర్చుండబెట్టుకొని పాడించినదియు దానినే. దొరసానులు తెచ్చిన విలాయతీ బాణీలు బడులలో నిలిచినవి గాని, నిద్రమత్తులోనున్న బిడ్డ పెదవులమీద నిలిచినది మాత్రము కీర్తన.

అక్షరములు తరువాతి తరమున వచ్చెను. 1872లో ఆరంభమైన రామాపట్నపు వేదాంతపాఠశాలలో విద్యార్థులతోపాటు వారి భార్యలకును చదువు చెప్పిరి. పల్లెకు పోయిన పంతులు పగలు పిల్లలకు బడి చెప్పుచు, ఆదివారము వాక్యము చెప్పుచు నుండగా, అతని భార్య తోడిస్త్రీలకు చదువును, కుట్టుపనియు, పసిబిడ్డల శుభ్రతయు నేర్పెను. స్వంతబిడ్డను చంకనెత్తుకొనియే నేర్పెను. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్య గారి భార్య అన్బు మరియమ్మాళ్, తమిళదేశమునుండి వచ్చినదైనను, తెలుగుపల్లెల స్త్రీల నడుమ ఇట్టి సేవనే జీవితకార్యముగా ఎంచుకొనెను. హాస్టళ్ళలో చదివిన బాలికలు తల్లులైన పిమ్మట ఇండ్లలో బైబిలు తెఱచి చదువుట మొదలయ్యెను. అప్పుడు సండేస్కూలు బంగారువాక్యమును బిడ్డ తల్లికి అప్పగించుటయు, తప్పు పోయినచోట ఆమె గ్రంథము చూచి దిద్దుటయు సాధ్యమయ్యెను.

తెలుగు సంఘములలో అనేకచోట్ల కానవచ్చు పిడికెడు బియ్యపు ఆచారమును తల్లుల చేతిలోనిదే. ఎసటిలో పోయుటకు కొలిచిన గింజలనుండి ఒక పిడికెడు తీసి వేఱొక ముంతలో వేసి, ఆదివారమున ఆ ముంతను పిల్లవాని చేత గుడికి పంపుదురు. బియ్యము దొరకని మెట్టపల్లెలలో జొన్నలైన పంపుదురు. కూలిగింజలతో బ్రదుకు పల్లెలలో పంతులు కుటుంబపు పోషణకును, గుడిదీపపు చమురునకును ఆ పిడికెళ్ళు సాయపడెను. సంఘపు చిట్టాలో అవి కానుకలు అను ఒక్క పద్దు క్రింద జమపడెను.