జెన్నూ పాలియో

దగ్గరికి జరగండర్రా, మంట ఇటుపక్క బాగుంది. కార్ల ముచ్చట చెప్పమన్నారుగా, చెబుతా.

నేను చీరాలలో బట్టల షావుకారు గారి దగ్గర బండి తోలేవాణ్ణి. అంబాసిడరూ, పద్మినీ తోలి తోలి కాయలు కాసిన చేతికి 1993లో మారుతీ జెన్ వచ్చింది. జపాన్ సుజుకీ వాళ్ల బుర్రలో పుట్టిన బండి అది. 993 సీసీ, 50 గుర్రాల బలం. ఇంతేనా అనకండి. ఇంజను మొత్తం అల్యూమినియం, బండి బరువు 800 కిలోల లోపే. అంత తేలికైనదానికి ఇంకా బలమెందుకురా? ఎం.జి.సి. మార్కెట్ సందుల్లో, గుడ్డల మూటల రిక్షాల మధ్య అది దూరని చోటు లేదు. గేరు రెండు వేళ్లకే పడేది. పికప్ ఎట్లా ఉండేదనుకున్నారు! పైగా ఏం పోయినా ఏ షెడ్డులోనైనా పార్టు దొరికేది.

2001లో ఫియట్ వాళ్ల పాలియో దిగింది. ఇటలీ వాళ్లది. పద్మిని తయారైన బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలోనే దీన్నీ చేశారు. సచిన్ టెండూల్కర్‌ని ప్రకటనల్లో పెట్టారు. అందులో 1.6 లీటర్ల రకం 100 గుర్రాలు, మా పాత జెన్‌కి సరిగ్గా రెట్టింపు. షావుకారు గారబ్బాయి పట్టుబట్టి అదే కొనిపించాడు. జర్మనీలో 1976లోనే గోల్ఫ్ జీటీఐ అనే చిన్న కారులో 1.6 ఇంజను పెట్టి పెద్ద కార్లని దాటించారట, ఆ అబ్బాయి ఎప్పుడూ దాని గురించే చెప్పేవాడు.

పాలియోని మొదట 1996లో బ్రెజిల్లో దించారు. అక్కడి రోడ్లు మన రోడ్లకి చుట్టాలే, అందుకే కింద సస్పెన్షన్ అంత గట్టిగా కట్టారు. వేటపాలెం, చినగంజాం మీదుగా ఒంగోలు పోతుంటే గుంటలో పడ్డా బండి పక్కకి లాగేది కాదు. ఒంగోలు దాటి మద్రాసు హైవే ఎక్కాక చూడాలి! ఎదురు లారీ గాలికి జెన్ కొంచెం ఊగేది, నా చేతులు బిగుసుకునేవి. పాలియో బరువు టన్ను పైమాటే, వేగం పెరిగేకొద్దీ రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకునేది. మూడో గేరులో కాలు నొక్కితే వెనక సీట్లో షావుకారు గారు కళ్లజోడు సర్దుకునేవారు. పెట్రోలు మాత్రం తెగ తాగేది. ఆ లెక్క చూసినప్పుడల్లా ఆయన జెన్‌నే మెచ్చుకునేవారు. డబ్బు పెట్టేది ఆయన కదా, తప్పు పట్టను.

ఊళ్లో పనికి జెన్‌ని మించింది నేను చూడలేదు. కానీ ఒక్కటే ఉంచుకోమంటే నేను పాలియో 1.6 తాళమే తీసుకుంటా. వేగంలో భయం లేకుండా తోలనిచ్చిన చిన్న కారు నా చేతికి అదొక్కటే వచ్చింది. అవి ఇప్పుడు రోడ్ల మీద అరుదైపోయాయి. బాపట్లలోనో తెనాలిలోనో ఏ షెడ్డులోనైనా ఒకటి మూలన పడి కనిపిస్తే తుక్కుకి పోనివ్వకండర్రా, ముందు నాకు కబురు చెప్పండి.