‘అంపశయ్య’ నవల - బాల్యగాయం: ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగు నవలా చరిత్రలో ‘అంపశయ్య’ ప్రస్తావన వచ్చినప్పుడు మొదట చర్చకు వచ్చేది చైతన్య స్రవంతి శిల్పం. పదహారు గంటల కథాకాలం, జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ ప్రభావం అనే రెండంశాల వద్దే ఆ చర్చ తరచు ఆగిపోతుంది. ఆ శిల్పం ఏ బాధను చెప్పడానికి అవసరమయిందో చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రచయిత - తరం

నవీన్ (దొంగరి మల్లయ్య) 1941 డిసెంబరు 24న నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని వావిలాలలో జన్మించారు. చాకలి ఐలమ్మ భూపోరాటం సాగిన ప్రాంతమది. ఈ జిల్లాలోనే ఉన్న కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాటికి నవీన్‌కు అయిదేళ్లు నిండలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి ఏడేళ్లు నిండలేదు. ‘అంపశయ్య’ 1965-68 మధ్య రచించబడి, 1969లో వెలువడింది. రచనాకాలాన్ని బట్టి లెక్కిస్తే కథానాయకుడు రవి బాల్యం కూడా ఆ సంవత్సరాలకే చెందుతుంది. పోరాటాన్ని నడిపిన తరం వేరు, దాని నడుమ పెరిగిన పిల్లల తరం వేరు.

ఈ భేదం సాహిత్యంలోనూ కనిపిస్తుంది. నేటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్య మొదటి తరానికి చెందినవారు. ఆయన ‘చిల్లర దేవుళ్లు’ నవలలో హింసకు చిరునామా ఉంది, అది గడీ. ఆడబాప వనజ బతుకును ఆ గడీయే శాసిస్తుంది. రవి బాధకు అటువంటి చిరునామా లేదు. అతడు ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో చదువుకుంటున్న పేద గ్రామీణ యువకుడు. గాయపరిచిన వ్యక్తి ఎదుట లేకపోయినా గాయం మానలేదు.

గాయం స్వభావం

తెలుగు మనోవైజ్ఞానిక నవలల్లో బాల్యం వెంటాడే పాత్రలు అంతకుముందే ఉన్నాయి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లిపై పడిన అపవాదు వెంటాడుతుంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును వంశప్రతిష్ఠ కుంగదీస్తుంది. ఈ రెండింటిలోనూ సమస్య పరువుకు సంబంధించినది. రవి విషయంలో అది లేమికి సంబంధించినది. డబ్బుకు కటకట, పరీక్షల భయం, కలిగినవారి నడుమ కలిగే న్యూనత అతని మనసులో ఒకదానినొకటి రేపుతుంటాయి. దయానిధి ఊరు మారి అపవాదుకు దూరం కావాలని ఆశించగలడు. రవికి ఆ అవకాశం లేదు, ఎక్కడికి వెళ్లినా అతని లేమి అతనితోనే వస్తుంది.

ఇక్కడే శిల్పం అవసరం స్పష్టమవుతుంది. గాయం ఒక్క సంఘటన అయితే దానిని ఒక ప్రకరణంలో చెప్పి ముగించవచ్చు. నిత్యపరిస్థితి అయినప్పుడు గంటగంటకూ చూపవలసి వస్తుంది. భీష్ముని శరీరంలో దిగినది ఒక్క బాణం కాదు, శయ్యకు సరిపడా బాణాలు. శీర్షికలోని ఔచిత్యం ఇదే. రవి వర్తమానంలోకి బాల్యం పదేపదే చొరబడడం కేవలం ప్రయోగం కోసం చేసినది కాదు. చిన్ననాటి పేదరికం అతని జీవితంలో ఇంకా గతం కాలేదు.

తరువాతి నవలలు

రవి కథను నవీన్ ‘ముళ్ళపొదలు’, ‘అంతస్స్రవంతి’ నవలల్లో కొనసాగించారు. ఒక్క రోజుతో ఆ బాధ తీరలేదనడానికి ఈ కొనసాగింపే నిదర్శనం. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘కాలరేఖలు’లో ఆయన తెలంగాణ సామాజిక చరిత్రనే నేరుగా ఇతివృత్తంగా స్వీకరించారు. మొదట వ్యక్తి అంతరంగాన్ని, ఆ తరువాత ఆ అంతరంగాన్ని రూపొందించిన సమాజాన్ని చిత్రించిన ఈ క్రమం గమనార్హం.

ముగింపు

‘అంపశయ్య’ వెలువడిన 1969లోనే ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవలకూ ఉద్యమానికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం సరికాదు. అయితే వీధిలో నినాదంగా వినిపించిన అసంతృప్తికి వసతిగృహపు గదిలో ఎటువంటి రూపం ఉండేదో ఈ నవల నమోదు చేసింది. బాల్యగాయాన్ని ఒకానొక దుర్ఘటనగా మాత్రమే నిర్వచించే విమర్శ రవిని అర్థం చేసుకోలేదు. తెలంగాణ నవలను ఆ కోణంలో చదివే పరిశోధకులు దుర్ఘటనతో పాటు దినచర్యను కూడా పరిశీలించవలసి ఉంటుంది.