వాడ వార్త బులెటిన్‌లో ఎక్కడ? స్థానిక రేడియోకు వార్తల ఎంపిక, రాత

"ఇరువర్గాల ఘర్షణ, నలుగురికి గాయాలు." రేడియోలో ఈ మాట విన్నవాళ్లు ఇద్దరూ కొట్టుకున్నారనే అనుకుంటారు. ఒకవైపు వాళ్లు దాడి చేసి, వాడ జనం ఆసుపత్రి పాలైనా ఈ వాక్యంలో అది కనిపించదు. అబద్ధం ఒక్కటీ చెప్పకుండానే అన్యాయం చేయొచ్చు. అందుకే ఏ వార్త తీసుకోవాలి, దాన్ని ఎలా రాయాలి అన్నది మనకు హక్కుల ప్రశ్న కూడా.

చట్టం ఎంతవరకు అనుమతిస్తుంది?

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006 మార్గదర్శకాలతో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే దారి దొరికింది. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది దళిత మహిళలు. అయితే కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు సేకరించి చదవడానికి వీల్లేదు. ఆకాశవాణి వార్తలను యథాతథంగా గానీ స్థానిక భాషలోకి మార్చి గానీ ఇవ్వొచ్చు. నీళ్లు, కరెంటు, ఆరోగ్య హెచ్చరికలు, పరీక్షలు, ఉద్యోగాల సమాచారాన్ని వార్తగా లెక్కించరు కాబట్టి అదీ ఇవ్వొచ్చు. కింద చెప్పేవి ఆకాశవాణికి వార్తలు పంపేవాళ్లకు, ఫోన్‌లో ఆడియో బులెటిన్లు నడిపే మిత్రులకు పనికొస్తాయి.

ఎంపిక: మూడు ప్రశ్నలు

ఐదు నిమిషాల్లో ఆరేడు వార్తలకు మించి పట్టవు. ప్రతి వార్తనూ మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇది ఎంతమందిని తాకుతుంది? విన్నవాళ్లు రేపు దీనితో ఏం చేయగలరు? మనం చెప్పకపోతే ఇంకెవరైనా చెబుతారా? మంత్రి శంకుస్థాపన వార్త ఎలాగూ అన్నిచోట్లా వస్తుంది. వాడలో పది రోజులుగా మంచినీళ్లు రావడం లేదన్న వార్త మనం చెబితేనే వస్తుంది. దాన్ని చివర్లో ఇరికించకుండా ముందు పెడదాం.

జరిగిన రోజుతోనే వార్త అయిపోదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అని 1995 నియమాలు చెబుతున్నాయి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఎఫ్ఐఆర్ తేదీని డైరీలో రాసుకుంటే అరవై ఒకటో రోజున మనకు ఇంకో వార్త ఉంటుంది: చార్జిషీటు పడిందా, లేదా?

రాత: చెవి కోసం

పేపరు చదివేవాళ్లు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చూసుకుంటారు. వినేవాళ్లకు ఆ వీలు లేదు. కాబట్టి ఒక వాక్యంలో ఒక్క విషయమే చెప్పాలి. "పైన పేర్కొన్న", "సదరు" లాంటి మాటలు వద్దు. తెలుగులో "అని ఫలానా వాళ్లు ఆరోపించారు" అన్నది వాక్యం చివర వస్తుంది. అది వినేసరికే ఆరోపణ నిజంగా మనసులో నాటుకుపోతుంది. అందుకని చెప్పినవాళ్లెవరో ముందే చెబుదాం.

ఎకరాలు, జనాభా లాంటి అంకెలను "దాదాపు" అని సరిచేసి చెప్పొచ్చు. పరిహారం, గడువు తేదీ, ఫోన్ నంబరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి. దాడుల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఒక్కో అంకె విడివిడిగా, రెండుసార్లు చదవాలి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. "మ్యాన్‌హోల్‌లో ప్రమాదవశాత్తు ఇద్దరు మృతి." ఇక్కడ లోపలికి దించినవాడు మాయమయ్యాడు. ఇలా రాస్తే?

"మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి దించిన ఇద్దరు కార్మికులు ఈ ఉదయం చనిపోయారు. తమకు మాస్కులు ఇవ్వలేదని తోటి కార్మికుడు మాతో చెప్పారు. కాంట్రాక్టర్‌పై పోలీసులు కేసు పెట్టారు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు చెల్లించాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది."

వార్త నాలుగు వాక్యాలే. కానీ ఆ కుటుంబం ఏం అడగాలో కూడా అందులోనే ఉంది.

జాగ్రత్తలు

లైంగిక దాడికి గురైనవారి పేరు చెప్పడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు చెప్పకపోయినా వాడ, తండ్రి పని, బడి కలిపి చెబితే ఊరంతా పోల్చుకుంటుంది. ఆ వివరాలూ తీసేయాలి. నేరం రుజువయ్యేదాకా "నిందితుడు" అనే అనాలి. దాడికి కారణం కులమైతే కులం పేరు దాచొద్దు. సంబంధం లేనిచోట తగిలించొద్దు. "హరిజనవాడ" అనొద్దు.

ప్రసారానికి ముందు వార్తను గట్టిగా చదివి, ఆ వాడలోనే ఒక అక్కకు వినిపిద్దాం. "ఎవరు ఎవరిని కొట్టారు?" అని అడుగుదాం. ఆమె వెంటనే చెప్పలేకపోతే ఆ వార్తను తిరగరాయాల్సిందే.