ఆలమంద వెంట నడిచిన సేవాలాల్ మహరాజ్

గుత్తి దగ్గరి సేవాగఢ్ మన బంజారాలకు పుణ్యస్థలం. 1739 ఫిబ్రవరి 15న భీమా నాయక్, ధర్మిణీ మాత దంపతులకు సంత్ సేవాలాల్ మహరాజ్ అక్కడే జన్మించారని మన నమ్మకం. గురువుగా కొలుస్తున్నాం సరే, ఆయన ఆవులు కాసిన మనిషని పిల్లలకు చెబుతున్నామా?

ఆనాడు మనవాళ్లది లదేణి బతుకు. ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవారు. ఆలుబిడ్డలు, ముసలివాళ్లు అందరూ మంద వెంటే. గడ్డి, నీళ్లు దొరికిన చోటే తండా. వానలు తక్కువైన ఈ సీమలో కరువును తప్పించుకునే దారి కూడా అదే. మూగజీవాలను హింసించవద్దు, మద్యం ముట్టవద్దు, ఆడవారిని గౌరవించండి అని సేవాలాల్ బోధించింది ఇలా కలిసి నడిచే జనానికే.

1871 నాటికి మద్రాసు రైలుమార్గం గుత్తి మీదుగా రాయచూరు చేరింది. ఉప్పు రైలెక్కింది, ఎద్దుకు పని తగ్గింది. 1876-78 నాటి మహాకరువు ఈ ప్రాంతాన్ని కుదిపేసింది. క్రమంగా మనవాళ్లు మెట్టభూముల్లో స్థిరపడ్డారు. నీటి దగ్గరికి నడిచే జాతి వాన కోసం ఎదురుచూసే జాతి అయింది.

ఇప్పుడూ వలస తప్పలేదు. వేరుశనగ ఎండితే బెంగళూరు బస్సెక్కుతున్నాం. అప్పుడు ఇంటిల్లిపాదీ కదిలేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గరే మిగులుతున్నారు. నీళ్లు కొనుక్కునే రోజులొస్తాయని సేవాలాల్ ముందే చెప్పారంటారు పెద్దలు. ఆ రోజులూ వచ్చాయి.

ఈ జయంతికి భోగ్ సమర్పించాక, తండాలోని పెద్దవారి దగ్గర కూర్చుందాం. మంద నడిచిన దారులేవో అడిగి రాసిపెట్టుకుందాం.